చెంచుపిల్ల కథ అయిదో భాగం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఉండగా, మా మనవరాలు ఒళ్ళో పెట్టుకుని చదువుతున్న లావుపాటి పుస్తకాన్ని టపీమని మూసి దివాను మీదకు విసిరింది, అది జారి కింద పడితే తీయనైనా తీయలేదు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే పిల్ల అది. మా కూతురి కూతురు, నంద్యాలలో డిగ్రీ చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటోంది. ఎవరో పాత పురాణకథనే తీసుకుని, అందులో మాయలూ మంత్రాలూ కొత్త లోకాలూ కలిపి వరసగా భాగాలు భాగాలుగా రాస్తున్నారట, అట్టలు తళతళలాడుతూ ఉంటాయి, ఒక్కొక్క భాగం కోసం ఈ పిల్ల ఏడాది పొడుగునా ఎదురుచూసేది. ఆఖరి భాగం వచ్చింది, నాలుగు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా చదివింది, ఇదిగో ఇప్పుడిలా విసిరింది. “ఏందవ్వా ఇది? ఇన్నేండ్లు చదివించుకోని ఇట్లా ముగిస్తారా యాడన్నా?” అని నా మీదకొచ్చింది, అదేదో నేనే రాసినట్టు.

ఆ గదిలోనే కుర్చీలో మా అన్న కూర్చుని ఉన్నాడు. కంటి ఆపరేషన్ కోసం ఆళ్ళగడ్డ నుంచి వచ్చి వారమైంది, నల్లద్దాలు పెట్టుకుని, చుక్కల మందు సీసా జేబులో వేసుకుని, ఎవరేం మాట్లాడినా తనకు పట్టనట్టే ఉంటాడు గానీ అన్నీ వింటాడు. మనవరాలు చెప్పుకుంటూ పోతోంది. మొదటి నుంచీ ధీమాగా ఉన్న నాయిక చివర్లో నోరు మూసుకుందట, రెండో భాగంలో పెట్టిన శాపం సంగతి రాసినాయన మరిచే పోయాడట, చచ్చినవాడు బతికి వచ్చాడట, ఎందుకు బతికాడో చెప్పలేదట. నేను వింటున్నాను, నా చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. నలభై ఏళ్ళు దాటాయి, నేనూ ఇదే ఈడులో, ఇదే కోపంతో, ఇలాంటిదే ఒక ఆఖరి భాగాన్ని పట్టుకుని బస్సులో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఊరుకుని ఉంటే బాగుండేది, ఊరుకోలేదు, అదే వచ్చిన చిక్కు.

మా నాయన ఆళ్ళగడ్డలో రాతి బొమ్మలు చెక్కేవాడు. ఆ రోజుల్లో మా వీధిలో ఉలి చప్పుడు వినపడని పగలు ఉండేది కాదు, ఇప్పుడు మిషన్ల రొద, చెవులు మూసుకుని నడవాలి, సరే ఆ గోల మళ్ళీ ఎప్పుడైనా. నాయనకు చదువు రాదు. రాతిపలకల మీద పేర్లు చెక్కమని ఎవరైనా కాగితం రాసిస్తే, ఆ అక్షరాలను బొమ్మల్లాగా చూసుకుని ఒక్క కొమ్ము, ఒక్క దీర్ఘం పోకుండా చెక్కేవాడు, అంతా అయ్యాక నన్ను పిలిచి, ఇందులో ఏముందో చదివి చెప్పు పాపా అనేవాడు. తాను చెక్కిన అక్షరాలు తనకే ఎవరో చదివి వినిపిస్తుంటే ఆయన ముఖంలో కనిపించే ఆశ్చర్యం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అందుకేనేమో కథలంటే ప్రాణం. సాయంత్రం ఉలులు కడిగి వరసగా పెట్టి, కొట్టంలో చాప వేసుకుని కూర్చుంటే నేను చదవాలి, అమ్మ శనక్కాయలు వలుస్తూ వినాలి, అన్న గోడకు ఆనుకుని విననట్టు వినాలి. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు, ఇంటికి ఒక పుస్తకం వస్తే ఇల్లంతా చదివినట్టే లెక్క.

నేను డిగ్రీకి రోజూ నంద్యాల బస్సెక్కి వెళ్ళే కాలం అది. కాలేజీ దారిలో ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది, అది నడిపే ముసలాయనను మేమంతా మామా అనేవాళ్ళం, తెల్ల టోపీ, ముక్కు చివర కళ్ళద్దాలు, చిరిగిన పుస్తకాలకు తానే జిగురు పూసి, దారంతో కుట్టి, పంచాంగం అట్టలు వేసి నిలబెట్టేవాడు. పుస్తకం వెనక్కిస్తే పేజీలన్నీ ఒక్కసారి వేలితో గీసి చూసేవాడు, ఒక్క పేజీ మూల మడిచి ఉన్నా ఆ పూట మనకు కొత్త పుస్తకం లేదు. ఆయన దగ్గరే దొరికింది నాకు ఆ కథ. పేరు చెప్పను, రాసినాయన ఉన్నాడో లేడో, ఆయన ఉసురు నాకెందుకు. మా అహోబిలం కొండల్లో నరసింహస్వామి చెంచుపిల్లను పెండ్లాడిన కథనే ఆయన తీసుకుని, ఏడు గుహలూ, భూమి కింద పారే ఏరూ, మాట్లాడే పిట్టా, అడవినే మింగాలని చూసే మాంత్రికుడూ, ఇన్ని కల్పించి అయిదు భాగాలు చేశాడు. కోపం చల్లారని స్వామి అడవిలో పడి తిరుగుతుంటే దేవతలంతా భయపడి చెట్టుకొకరు పుట్టకొకరు దాక్కుంటారు, ఈ పిల్ల ఒక్కతే ఎదురు నిలబడి, ఇంత కోపం ఉన్నవాడికి ఇంత ఆకలి కూడా ఉంటుంది, ముందు పోయి తేనె పట్టుకురా అంటుంది. నాలుగు భాగాల నిండా దాని మాటలే. గడ్డలు తవ్వమంటుంది, ఒళ్ళు కడుక్కోమంటుంది, పందెం వేసి ఓడిస్తుంది. మా నాయన తొడ మీద చరుచుకుని “అది మా ఆడబిడ్డ! యాడికి పోతాది పౌరుషం!” అనేవాడు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. మా తట్టు సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, ఏటా చలికాలంలో స్వామి తన పెండ్లికి తానే పల్లకీలో ఊరూరా తిరిగి జనాన్ని పిలుచుకుంటాడు, ఊరి నడుమ రాతి అరుగు మీద దిగుతాడు, చెంచులైతే బావా అని వరస కలిపి పల్లకీ వైపు ఉత్తుత్తి బాణం కూడా వేస్తారు. మాకు ఆయన దేవుడు తర్వాత, ముందు ఇంటల్లుడు. కాబట్టి ఆ పుస్తకాన్ని మేము కథ చదివినట్టు చదవలేదు, ఇచ్చిన ఇంటి నుంచి పిల్ల యోగక్షేమాలు రాసిన ఉత్తరం విన్నట్టు విన్నాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటాను.

నాలుగో భాగం అయ్యే సమయానికి నాయన చేతిలో ఒక పెద్ద పని ఉంది. నంద్యాలలో ఒక శెట్టిగారు కొత్తగా కల్యాణ మండపం కట్టించి, గుమ్మం పక్కన నిలబెట్టడానికి నిలువెత్తు చెంచులక్ష్మి బొమ్మ అడిగాడు. నల్లరాయి. నాయన ఆ పిల్లను నేను చదివినట్టే చెక్కాడు, నడుం మీద చెయ్యి, కొప్పులో ఈక, ఇప్పుడే ఎవరితోనో వాదించి గెలిచినట్టు నిలబడిన తీరు. అన్నీ అయ్యాయి, కళ్ళు మిగిలాయి. బొమ్మకు కళ్ళు చివరన తెరవడం మా వాళ్ళ పద్ధతి, ఆ తొలిచూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పట్టి మరీ తెరుస్తారు. నాయన ఆ కళ్ళ దగ్గర ఆగిపోయాడు. మండపం తెరిచే రోజు దగ్గర పడుతోందని శెట్టిగారు రెండుసార్లు వచ్చి, అన్నీ అయినాయి, కండ్లే కదప్పా మిగిలింది అని కూర్చుంటే, నాయన బీడీ ఆర్పి “కండ్లే కదా అంటే ఎట్లప్పా? ఆ పిల్ల కత ఇంగా ఒక బాగముండాది. అది నవ్వుతాదో ఏడుస్తాదో తెలీకుండా చూపెట్లా పెట్టేది?” అన్నాడు. శెట్టిగారు కండువా దులుపుకుని లేచిపోయాడు, ఒక రాతిపనివాడు పుస్తకం కోసం పని ఆపడం ఆయన ఎన్నడూ విని ఉండడు.

ఇక నా పాట్లు చూడాలి. రోజూ మామ అంగడి ముందు నిలబడటం, రాలేదమ్మా అనిపించుకోవడం. చివరికి ఒక శుక్రవారం నాడు, నమాజుకు పోవడానికి అంగడి మూస్తూ, లోపలి నుంచి తెచ్చి చేతిలో పెట్టాడు. “రేపు పొద్దన్నే తెచ్చీయల్ల పాపా, పదిమంది కాసుకోనుండారు” అన్నాడు. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కాను, ఇంజను పక్క సీటు, కాళ్ళకు సెగ, చేతిలో అయిదో భాగం. శిరివెళ్ళ చేరేసరికి నాకు ఏదో అనుమానం వచ్చింది, దాటేసరికి ఏడుపు వచ్చింది.

ఏం రాశాడనుకున్నారు? ఆ పిల్ల చెంచుపిల్లే కాదట. శాపం తగిలిన దేవకన్యట. అమ్మా నాయనా, గూడెం, తేనెపట్టూ, అన్నీ మాయట. నాలుగు భాగాలు మోసుకొచ్చిన పిట్ట రహస్యం ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు వదిలేశాడు. మాంత్రికుడు ఉన్నట్టుండి మంచివాడైపోయాడు. అదీ సరే అనుకుందాం. నారచీర తీసి పట్టుచీర కట్టి, ఒంటి నిండా నగలు పెట్టి, ఆ పిల్లను స్వామి పాదాల దగ్గర కూర్చోబెట్టాడు, చివరి నలభై పేజీల్లో అది ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కటంటే ఒక్కటి! నేను వెనక్కి తిప్పి తిప్పి వెతికాను, ఎక్కడైనా నోరు తెరిచిందేమోనని. ఇంటికి పోయి ఇది చదివితే నాయన ఆ బొమ్మకు ఏం కళ్ళు పెడతాడు, ఆ నిలబడిన తీరుకు ఆ కళ్ళు ఎట్లా అతుకుతాయి, అని ఒకటే గుబులు.

ఆ సాయంత్రం కొట్టంలో చాప పరిచారు. మొదటి సగం ఉన్నది ఉన్నట్టే చదివాను. తర్వాత ఆకాశం నుంచి రథం దిగే చోటు వచ్చింది, నా నోరు నా మాట వినలేదు. పుస్తకం చేతిలో పట్టుకునే, చూపు అక్షరాల మీద ఉంచే, సొంతంగా చెప్పుకుపోయాను. ఆ పిల్ల రథం ఎక్కనంది. మా ఇంటి అల్లుడివై నువ్వు ఈ అడవిలో ఉండు, నేను నీ లోకానికి రాను, పెండ్లి కావాలంటే ముందు ఊరూరా తిరిగి నా వాళ్ళందరినీ నువ్వే పిలుచుకురా, ఒక్క ఇల్లు తప్పినా తాళి కట్టనివ్వను అంది. పిట్ట రహస్యానికి కూడా ఏదో ఒకటి కల్పించాను, అదేమిటో ఇప్పుడు గుర్తు లేదు. చివరికి గుహ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని, పల్లకీ మొదటి ఊరి వైపు కదులుతుంటే చూస్తూ నవ్వింది, అని పుస్తకం మూశాను. నాయన “అట్లనా” అన్నాడు, అంతే, లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మరునాడు పొద్దున్నే పుస్తకం మామకు ఇచ్చేశాను, ఆయన పేజీలు గీసి చూసుకుని, ఎట్లుండాది అని అడిగితే బాగుంది మామా అని ఇంకో అబద్ధం ఆడాను.

రెండు రోజులకు నాయన అమ్మ చేత అద్దం పట్టించి ఆ బొమ్మకు కళ్ళు తెరిచాడు. నేను వెనకాల నిలబడ్డాను, ముందుకు వచ్చి చూసే ధైర్యం లేకపోయింది. ఆ బొమ్మ గడ్డి చుట్టుకుని లారీలో నంద్యాల పోయింది. రెండేళ్ళు తిరగకుండానే నాయన దీపం చుట్టూ రంగు రంగు గుండ్రాలు కనిపిస్తున్నాయన్నాడు, డాక్టరు నీటికాసులన్నాడు, ఆలస్యమైందన్నాడు. ఆ తర్వాత నాయన వేళ్ళతో రాయిని తడుముకుంటూ కూర్చోవడమే గానీ ఉలి పట్టింది లేదు. అబద్ధం చెప్పి నేను కళ్ళు తెరిపించాను, అందుకే నాయన కళ్ళు మూసుకుపోయాయి, అని నా మనసుకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఆయన పోయేదాకా ఆ మాట నోటి చివరి వరకూ వచ్చి వెనక్కి పోయేది. ఎవరికీ చెప్పుకోలేదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని.

పెళ్ళయి నేను నంద్యాలకే వచ్చాను, అదొక శిక్ష. ఆ మండపంలో ఎవరి పెళ్ళి జరిగినా పక్క గేటు నుంచి లోపలికి పోయేదాన్ని. మా కూతురి పెళ్ళికి అందరూ అదే మండపం అంటే నేను ససేమిరా అన్నాను, మా ఆయన ఇప్పటికీ దాని గురించి ఎత్తిపొడుస్తాడు, తండ్రి చెక్కిన బొమ్మ ముందు కూతురి పెళ్ళి వద్దన్న మనిషిని లోకంలో నిన్నే చూశానని. ఏం చెప్పను ఆయనకు?

అదిగో ఆ ఆదివారం మనవరాలి కోపం చూసి, నా గుండెలో ఇన్నేళ్ళు పెట్టుకున్నది ఎందుకో ఆగలేదు, మొత్తం చెప్పేశాను, అన్న వింటున్నాడన్న సంగతి కూడా చూసుకోకుండా. చెప్పి ఏడ్చాను కూడా. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. అన్న నల్లద్దాల వెనక నుంచి నవ్వాడు, ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేటట్టు.

“పిచ్చిదానా, నాయనకు తెలుసునే” అన్నాడు.

నేను ఆ సాయంత్రం చదువుతుంటే నాయన నా ముఖం చూడలేదట, చేతులు చూశాడట. జీవితమంతా ఒకరి చేతి పని చూసి బతికినవాడు మరి. అంత కథ నడుస్తోంది, నా చెయ్యి మాత్రం ఒక్క కాగితమూ తిప్పలేదట. పైగా స్వామి ఊరూరా తిరిగి పెండ్లికి పిలిచే సంగతి యాడో దూరదేశం పుస్తకాలాయనకు ఎట్లా తెలుస్తుందని కూడా అన్నాడట. తెల్లవారుజామున నేను నీళ్ళు తోడుతుంటే, నాయన ఆ పుస్తకాన్ని అన్న చేతికిచ్చి, చివరి నలభై పేజీలూ కొట్టంలో కూర్చుని చదివించుకున్నాడట. అన్న ఎనిమిదో క్లాసు చదువు, కూడబలుక్కుంటూ చదివాడట, బస్సు టైమయ్యేలోపు చివరి ముక్కలు మింగేశాడట. అంతా విని నాయన ఉలి అంచు వేలితో చూసుకుంటూ ఏమన్నాడో మా అన్న అట్లాగే చెప్పాడు. “రాసినాయనకు అలుపొచ్చినట్టుండాది లేరా. పాపకు రాలే. పాప చెప్పిందే పెడతా. దానికి చెప్పాకు, ఇంగోసారి చదవనీకి సిగ్గుపడతాది.”

సంతోషించాలా? నలభై ఏళ్ళు నోరు మూసుకున్నందుకు అన్నను తిట్టాలా? తిట్టాను లెండి, బాగానే తిట్టాను. మరి కళ్ళెందుకు పోయాయి అని అడిగితే “మన జేజికీ అదే కదమ్మే వచ్చింది, నీటికాసులకు కతలతో ఏం పని?” అన్నాడు. అవును, నాయనమ్మకూ అదే వచ్చింది, మేమంతా చూశాం, నాకు మాత్రం ఒక్కరోజూ గుర్తు రాలేదు. నేను నాయనను మోసం చేశానని నేననుకున్నాను, ఆయనేమో తానే మోసపోయినట్టు నన్ను నమ్మించాడు. ఇందులో ఎవరు ఎవరికి అబద్ధం చెప్పినట్టు? తలచుకున్న కొద్దీ తల తిరుగుతోంది.

మరునాడు మనవరాలిని వెంటబెట్టుకుని ఆటోలో ఆ మండపానికి పోయాను, పెద్ద గేటు నుంచే లోపలికి పోయాను. బొమ్మ మీద ఎవరో సీరియల్ బల్బుల తీగ చుట్టి ఉంచారు, కొప్పులోని ఈక కొస విరిగింది. మొదటిసారి ముందు నిలబడి కళ్ళు చూశాను. నవ్వుతున్నాయా అంటే నవ్వడం లేదు, కోపమా అంటే కాదు. అంతా తెలిసీ తెలియనట్టు ఎదుటివాళ్ళను చూస్తాం చూడండి, పిల్లలు దొంగతనంగా బెల్లం తిని మూతి తుడుచుకుని వస్తే అమ్మలు చూసే చూపు, అది. ఆ చూపు చెంచుపిల్లదా, మా నాయనదా, నాకు తేలలేదు. మనవరాలు ఫోటో తీస్తానంటే బల్బుల తీగ కొంచెం పక్కకు జరిపాను.

ఆటోలో తిరిగి వస్తుంటే ఒకటే ఆలోచన. ఇప్పుడు ఇంటికి పుస్తకాలు తక్కువ రావడం లేదు, మా మనవరాలి గూట్లో చోటే లేదు. కానీ ఎవరి పుస్తకం వారిదే, ఎవరి కోపం వారిదే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఎవరైనా ముగిస్తే, ఒక్కరే చదువుకుని, ఒక్కరే విసిరేసి, ఫోనులో ఎవరితోనో పోట్లాడుకుని పడుకుంటారు. నాకు ఆ రోజు అంత తెగువ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎదురుగా చాప మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు కాబట్టి వచ్చింది. ఆ చాపలూ పోయాయి, మామ అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది, నాయన కొట్టంలో మిషను తిరుగుతోంది.

ఇంటికి వచ్చాక దివాను కింద పడి ఉన్న ఆ పుస్తకం దుమ్ము దులిపి, మనవరాలి చేతిలో పెట్టి, నాకు చూపు ఆనడం లేదే, ఆ ఆఖరి భాగం చివర నాకు కొంచెం చదివి పెట్టు అన్నాను. చూపు బాగానే ఆనుతుంది నాకు. మనవరాలు నా ముఖం వైపు ఒకసారి చూసి, నేల మీద కూర్చుంది. అన్న కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. మొదట్లో పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది, కథ మాత్రం ఆగలేదు, ఆ నాయిక నోరు తెరిచి ఎవరినో గట్టిగా నిలదీస్తోంది. నేను దాని చేతుల వైపు చూడకుండా కళ్ళు మూసుకుని విన్నాను.